ల్యాప్‌టాప్‌కి వచ్చే వైఫైని ల్యాన్ వైరుతో సిస్టమ్‌కి ఇవ్వడం ఎలా?

సత్యనారాయణపురం_సందు
మాది విజయవాడ సత్యనారాయణపురం. కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. ఓనరు గారు పైన ఉంటారు, రూటర్ కూడా పైనే. బిల్లులో సగం మేం కడతాం, పాస్‌వర్డ్ ఆయనే ఇచ్చారు, అందులో ఏ పేచీ లేదు. గోడకి చిల్లు పెట్టొద్దు, బయట నుంచి వైరు వేలాడదీయొద్దు అని మాత్రం గట్టిగా చెప్పారు.

మా చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం. ఈఏపీసెట్ మాక్ టెస్టులు ఫోన్లో రాస్తోంది. 160 ప్రశ్నలు, 3 గంటలు, అరచేతిలో పట్టే తెర మీద. లెక్కల్లో ఒక ప్రశ్న చదవడానికి నాలుగుసార్లు పైకీ కిందకీ జరపాల్సి వస్తోంది. రాత్రి కళ్లు మండుతున్నాయని ఏడ్చింది. అటక మీదున్న పాత సిస్టమ్ దించి తుడిచి పెట్టాను. బాగానే ఆన్ అయింది, కానీ దానికి వైఫై లేదు, ల్యాన్ పోర్టు ఒక్కటే ఉంది.

నా ల్యాప్‌టాప్‌కి వైఫై వస్తోంది. దాన్ని వైరుతో సిస్టమ్‌కి ఇద్దామని రెండు కనెక్షన్లూ సెలెక్ట్ చేసి బ్రిడ్జ్ కొట్టాను. ల్యాప్‌టాప్‌కి వచ్చే నెట్ కూడా పోయింది. సిస్టమ్‌లో ఐపీ అడ్రసు చూస్తే 169.254తో మొదలవుతోంది. రెండింట్లోనూ విండోస్ 10. దారి చెప్పండి.

బెంజిసర్కిల్_బస్సు
యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి కొని గుచ్చెయ్ బాస్. ఐదు నిమిషాల పని. దీనికింత టెన్షన్ ఎందుకు?

సత్యనారాయణపురం_సందు
ఫ్రెండ్ దగ్గర డాంగిల్ తెచ్చి చూశానన్నా. సిస్టమ్ పెట్టిన గది వంటింటి వెనక ఉంది. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. ఒక్క గీత సిగ్నల్ వస్తుంది, అదీ నిమిషానికోసారి పోతుంది. ముందు గదిలో మెట్ల పక్కన ల్యాప్‌టాప్ పెడితే మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది. 15 మీటర్ల ల్యాన్ వైరు ఇంట్లోనే ఉంది, గుమ్మాల వెంబడి లాగితే సరిపోతుంది.

బెంజిసర్కిల్_బస్సు
డాంగిల్‌ని సీపీయూ వెనక పెట్టి ఉంటావు. రేకు డబ్బా అడ్డం వస్తుంది. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు వేసి టేబుల్ పైకి తెచ్చి చూడు.

సత్యనారాయణపురం_సందు
అదీ చేశా. రెండు గీతలు వచ్చాయి. టెస్ట్ మధ్యలో మళ్లీ పోయింది.

గవర్నర్‌పేట_సర్వీస్
ముందు ఆ బ్రిడ్జ్ తీసెయ్ తమ్ముడూ. బ్రిడ్జ్ మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ కొడితే ల్యాప్‌టాప్ నెట్ తిరిగి వస్తుంది.

అది ఎందుకు పని చేయలేదో చెప్తా, ఎందుకంటే మా షాపుకి ఇదే బాధతో చాలామంది వస్తారు. వైఫైలో రూటర్ దగ్గర పేరు రాయించుకున్నది మీ ల్యాప్‌టాప్ ఒక్కటే. బ్రిడ్జ్ పెడితే సిస్టమ్ తన సొంత మ్యాక్ అడ్రసుతో, అంటే తన నెట్‌వర్క్ కార్డు నంబరుతో, నేరుగా రూటర్‌ని పలకరించబోతుంది. పేరు లేని వాడి మాట రూటర్ వినదు, ఆ ప్యాకెట్లు పడేస్తుంది. విండోస్‌లోనే ఇంటర్నెట్ షేరింగ్ అని ఇంకో పద్ధతి ఉంది, అందులో అలా ఉండదు. సిస్టమ్ ఏది అడిగినా ల్యాప్‌టాప్ తన పేరు మీదే తెప్పించి లోపలికి అందిస్తుంది. రూటర్‌కి సిస్టమ్ అనేది ఒకటి ఉందనే తెలియదు.

ఇప్పుడు పని. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టు. కనెక్షన్లన్నీ కనిపిస్తాయి. అందులో వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పైన షేరింగ్ ట్యాబ్. ఈ కంప్యూటర్ ద్వారా ఇతరులు ఇంటర్నెట్ వాడుకోవచ్చు అనే మొదటి గడిలో టిక్ పెట్టు. కింద ఎవరికి అని అడిగితే ఈథర్నెట్ ఎంచుకో. ల్యాన్ కార్డుకి 192.168.137.1 అనే అడ్రసు పెడతాను అని ఒక మెసేజ్ వస్తుంది, ఎస్ అను.

సిస్టమ్ వైపు ఏమీ రాయొద్దు. ఐపీ, డీఎన్‌ఎస్ (సైటు పేరుని బట్టి దాని అడ్రసు వెతికిపెట్టేది) రెండూ ఆటోమేటిక్‌లోనే ఉంచు. నీకు కనిపించిన 169.254 అంటే, అడ్రసు ఇచ్చేవాడు ఎవరూ దొరక్క విండోస్ తనకి తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. షేరింగ్ పని చేస్తే అది 192.168.137తో మొదలవుతుంది. అది చూసి చెప్పు.

మిర్చియార్డ్_గుమాస్తా
రెండు కంప్యూటర్లకి నేరుగా వైరు కలపాలంటే క్రాస్ కేబుల్ కావాలి కదండీ? మామూలు వైరు పని చేయదు. మా గుంటూరు ఆఫీసులో అలాగే చేయించాం.

గవర్నర్‌పేట_సర్వీస్
మీరు చెప్పింది ఒకప్పుడు నిజమేనండీ. ఒక కొన టీ568ఏ, రెండో కొన టీ568బీ పద్ధతిలో కొట్టేవాళ్లం. 1, 2 పిన్నులు అవతల 3, 6కి వెళ్లేవి. గిగాబిట్ పోర్టులు వచ్చాక ఆ తిప్పడమేదో కార్డే చూసుకుంటోంది. రెండు వైపులా బాగా పాత 100 ఎంబీపీఎస్ కార్డులుంటే తప్ప ఇప్పుడు మామూలు వైరే చాలు. తమ్ముడి ల్యాప్‌టాప్ కొత్తదే అయితే ఒక వైపు చాలు, పని అయిపోతుంది.

అరండల్‌పేట_పాతకాపు
ఈ షేరింగ్ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. గుంటూరు అరండల్‌పేటలో మాకు నెట్ సెంటర్ ఉండేది. 56కే మోడెం ఒకటి, నాలుగు సిస్టమ్‌లు. 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లోనే ఈ సదుపాయం మొదలైంది. దాంతోనే ఒక ఫోన్ లైను నలుగురికి పంచేవాళ్లం. అప్పుడు నెట్ పంచే సిస్టమ్ అడ్రసు 192.168.0.1 ఉండేది, 137 అన్నది విండోస్ 7 నుంచి చూస్తున్నాం.

ఎంసెట్ ఫలితాలొచ్చిన రోజు మెట్ల దాకా నిలబడేవాళ్లు. ఒక్కో హాల్ టికెట్ నంబర్ కొట్టి పేజీ తెరుచుకునేలోపు పిల్లల ముఖాలు చూడలేకపోయేవాణ్ణి. ర్యాంకు రాని పిల్లల దగ్గర డబ్బు తీసుకోవడానికి నాకు చేయి రాలేదు, తీసుకోలేదు. బాబూ, మీ చెల్లికి ఆ పెద్ద తెర తప్పకుండా అమర్చండి.

ఉబుంటు_కొరిటెపాడు
ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉన్నవాళ్లకి ఇంకా తేలిక. వైర్డ్ కనెక్షన్ సెట్టింగుల్లో ఐపీవీ4 దగ్గర ఇతర కంప్యూటర్లతో పంచుకో అనేది ఎంచుకుంటే చాలు. అక్కడ 10.42.0.1 వస్తుంది. మా ఇంట్లో మూడేళ్లుగా అలాగే నడుస్తోంది, రీస్టార్ట్ చేసినా చెక్కు చెదరదు.

సత్యనారాయణపురం_సందు
బ్రిడ్జ్ తీసేశా, ల్యాప్‌టాప్ నెట్ వచ్చింది, థాంక్యూ అన్నా. షేరింగ్ కూడా పెట్టా. కానీ సిస్టమ్‌లో ఇంకా 169.254 వస్తోంది.

గవర్నర్‌పేట_సర్వీస్
టిక్ దేని మీద పెట్టావు? వైఫై ప్రాపర్టీస్‌లోనా, ఈథర్నెట్ ప్రాపర్టీస్‌లోనా?

సత్యనారాయణపురం_సందు
ఈథర్నెట్‌లో. సిస్టమ్‌కి ఇచ్చేది అదే కదా అని.

గవర్నర్‌పేట_సర్వీస్
పదిమందిలో ఏడుగురు అక్కడే పొరబడతారు. నెట్ ఎటు నుంచి వస్తోందో దాని మీద పెట్టాలి. కుళాయి ఉన్న వైపు తిప్పాలి, బిందె ఉన్న వైపు కాదు. ఈథర్నెట్‌లో టిక్ తీసేసి, వైఫైలో పెట్టు.

పటమట_గేమర్
అప్పటికీ రాకపోతే ఫైర్‌వాల్ ఆఫ్ చేసెయ్, వచ్చేస్తుంది. నేనలాగే చేశా.

గవర్నర్‌పేట_సర్వీస్
దయచేసి ఆ సలహా ఎవరూ పాటించొద్దు. విండోస్ సొంత ఫైర్‌వాల్ షేరింగ్‌కి అడ్డం రాదు, కావలసిన దారులు అదే తెరుస్తుంది. అడ్డం వచ్చేది చాలావరకు బయట కొన్న యాంటీవైరస్‌లోని ఫైర్‌వాల్. అందులో ఈ ల్యాన్‌ని నమ్మకమైన నెట్‌వర్క్ అని పెడితే సరిపోతుంది. పైగా ఇక్కడ ల్యాప్‌టాప్ ఓనరు గారి వైఫైలో ఉంది, అందులో ఇంకెవరెవరి ఫోన్లున్నాయో. తలుపు తీసి పెట్టి పడుకోవడం లాంటిదే ఇది.

పటమట_గేమర్
సరే అన్నా, నాది బయటి యాంటీవైరస్సే. ఈ రాత్రికే మళ్లీ ఆన్ చేస్తా.

సత్యనారాయణపురం_సందు
192.168.137.84 వచ్చింది! కానీ బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఎర్రగా వస్తోంది. పింగ్ కొట్టి, అంటే అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూస్తే, మాత్రం జవాబు వస్తోంది. చెల్లెలు వెనకే కుర్చీ వేసుకుని కూర్చుంది, తన ముఖం చూడలేకపోతున్నా.

కృష్ణలంక_కట్ట
డీఎన్‌ఎస్ అయి ఉంటుంది. 8.8.8.8 పెట్టు.

ఉబుంటు_కొరిటెపాడు
డీఎన్‌ఎస్ తేడా అయితే సైటు దొరకలేదు అని వస్తుంది కృష్ణలంక అన్నా. ఇక్కడ సైటు దొరికింది, అది అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్‌ని సిస్టమ్ ఒప్పుకోవట్లేదు. ఇది వేరే జబ్బు.

అజిత్‌సింగ్‌నగర్_అక్క
తమ్ముడూ, సిస్టమ్‌లో కింద కుడిపక్క తేదీ ఏముందో చూడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో కింది అంతస్తు మొత్తం నీళ్లు. ముందు పిల్లల్ని, తర్వాత అత్తయ్య గారి మందులు, తర్వాత సీపీయూ పైకి మోశాం. అది నెలల తరబడి కరెంటు లేకుండా మేడ మీద ఓ మూల పడి ఉంది. తర్వాత ఆన్ చేస్తే అచ్చం నువ్వు చెప్పిందే వచ్చింది. మూడు రోజులు నెట్ వాళ్లని తిట్టుకున్నాం. చివరికి చూస్తే తేదీ ఎప్పుడో పాత సంవత్సరంలో ఉంది. నీది కూడా అటక మీద నుంచి దించావన్నావు కదా, అందుకే అడుగుతున్నా.

సత్యనారాయణపురం_సందు
అక్కా! 2012 జనవరి 1 చూపిస్తోంది.

అజిత్‌సింగ్‌నగర్_అక్క
అదే నీ జబ్బు. తేదీ, టైము సరిచెయ్, భారత టైమ్ జోన్ ఉందో లేదో చూసుకో. లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా గుండ్రంగా బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయింది. అది మార్చకపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది.

గవర్నర్‌పేట_సర్వీస్
అక్క సరిగ్గా పట్టుకున్నారు, నాకు తట్టలేదు. సైటు సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని రాసి ఉంటుంది. సిస్టమ్ 2012లో ఉంటే, ఇంకా పుట్టని సర్టిఫికెట్ అనుకుంటుంది పాపం. బ్యాటరీ పేరు సీఆర్2032. వాచీలు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. ప్లగ్ పూర్తిగా పీకి, పక్కనున్న చిన్న క్లిప్ నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది. రాత ఉన్న ప్లస్ వైపు పైకి ఉండేలా పెట్టు.

సత్యనారాయణపురం_సందు
తేదీ మార్చగానే అన్నీ తెరుచుకున్నాయి. ల్యాప్‌టాప్‌లో 38 ఎంబీపీఎస్ వస్తుంటే సిస్టమ్‌లో 36 వస్తోంది. చెల్లెలు మాక్ టెస్ట్ మొదలుపెట్టింది. పెద్ద తెర మీద ప్రశ్న మొత్తం ఒక్కసారే కనిపిస్తోందని ఎంత మురిసిపోయిందో. అక్కా, అన్నా, మీ ఇద్దరికీ చెల్లెలు నమస్కారం చెప్పమంది.

అరండల్‌పేట_పాతకాపు
చాలా సంతోషం బాబూ. పొద్దున్నే ఈ కబురు విన్నాను.

బ్రాడీపేట_4వ_లైను
ఇదే పని నేను మొబైల్ హాట్‌స్పాట్ బటన్‌తో చేద్దామనుకున్నా. విండోస్‌లో అది ఉంది కదా, తేలిక కదా?

గవర్నర్‌పేట_సర్వీస్
ఆ బటన్ గాల్లోకి వైఫై విడుస్తుంది బ్రాడీపేట గారూ. అందుకునే వైఫై సిస్టమ్‌కి ఉండాలిగా. ఫోన్లకి ఇవ్వడానికైతే మంచిదే. ఒక్క మాట, అదీ ఈ షేరింగూ రెండూ 192.168.137.1నే వాడతాయి. రెండూ ఒకేసారి పెడితే తన్నుకుంటాయి, ఏదో ఒకటే ఉంచండి.

సత్యనారాయణపురం_సందు
మళ్లీ వచ్చా. రాత్రి ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేశా. పొద్దున ఆన్ చేస్తే సిస్టమ్‌కి నెట్ లేదు. షేరింగ్ టిక్ అలాగే ఉంది! టిక్ తీసి మళ్లీ పెడితే వచ్చింది. రోజూ ఇలా చేయాల్సిందేనా?

కృష్ణలంక_కట్ట
నాకూ ఇదే. ఏడాదిగా రోజూ టిక్ తీసి పెడుతున్నా, ఇంతే కాబోలు అనుకున్నా.

గవర్నర్‌పేట_సర్వీస్
ఇంతే కాదు, మందు ఉంది. ఇది విండోస్ 10లో తెలిసిన తేడాయే. రెండు పనులు చేయాలి, ఇద్దరూ చేయండి.

మొదటిది, సర్వీసుల జాబితా తెరిచి ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనే సర్వీసు వెతకండి. స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ చేయండి.

రెండోది రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట. జాగ్రత్తగా, ఇంకేదీ ముట్టుకోకుండా. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, అందులో షేర్డ్ యాక్సెస్. అది లేకపోతే ఆ పేరుతో ఒకటి తయారుచేయాలి. దాంట్లో కొత్త డీవర్డ్ (నంబరు విలువ) పెట్టి, ఎనేబుల్ రీబూట్ పర్సిస్ట్ కనెక్షన్ అని ఇంగ్లిషులో ఖాళీలు లేకుండా ఒకే పదంగా పేరు ఇవ్వండి, విలువ 1. ఇప్పుడు షేరింగ్ టిక్ ఒక్కసారి తీసి పెట్టి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి.

కృష్ణలంక_కట్ట
వచ్చేసింది! ఏడాది పట్టింది నాకు ఈ మాట వినడానికి. పొద్దున కాఫీ కంటే ముందు ఆ టిక్కే పెట్టేవాణ్ణి.

రాత్రిషిఫ్ట్_గన్నవరం
అంతా బాగుంది కానీ ఒక్క ప్రశ్న. సందు గారూ, ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుందా? మీరు ఆఫీసుకి పట్టుకెళ్తే చెల్లెలి టెస్ట్ ఏమవుతుంది? దీనికంటే మంచి యాంటెనా ఉన్న డాంగిల్ కొనడమే నయం అని బస్సు గారితో ఏకీభవిస్తాను.

బెంజిసర్కిల్_బస్సు
అమ్మయ్య, నా వైపు ఒకరున్నారు.

సత్యనారాయణపురం_సందు
వారంలో రెండు రోజులు ఆఫీసు ఉంది, మంగళ, గురువారాలు. ఆ రెండు రోజుల గురించే ఆలోచిస్తున్నా. డాంగిల్ మీద నాకు నమ్మకం పోయింది, టెస్ట్ మధ్యలో పోతే మళ్లీ మొదట్నుంచి రాయాలి.

మొగల్రాజపురం_కొండ
ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉందా? దాన్ని మెట్ల దగ్గర కాకుండా సిస్టమ్ గదిలోనే, కిటికీ దగ్గరో, సిగ్నల్ దొరికే చోటో పెట్టి వైఫైకి కలపండి. డేటా కేబుల్‌తో సిస్టమ్‌కి గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మొబైల్ డేటానే వెళ్తుందనుకుంటారు చాలామంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ వైఫైలో ఉంటే ఆ వైఫైనే వైరు ద్వారా ఇస్తుంది. సిమ్ కూడా అక్కర్లేదు. అంటే పాత ఫోనే మీకు వైఫై కార్డు. ఐఫోన్‌తో మాత్రం ఇలా కుదరదు, అది దాని మొబైల్ డేటానే ఇస్తుంది.

రాత్రిషిఫ్ట్_గన్నవరం
ఇది నాకు తెలియదు! నా మాట వెనక్కి తీసుకుంటున్నా, ముందు ఇది చూడండి.

మొగల్రాజపురం_కొండ
ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లుంటాయి, వాటితో టెథరింగ్ బటన్ వెలగదు. ఫోన్‌తో వచ్చిన అసలు కేబుల్ వాడండి.

అజిత్‌సింగ్‌నగర్_అక్క
ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోతుంది, సిస్టమ్‌కి నెట్ ఆగిపోతుంది. పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినా ఏమీ చేయొద్దు అని పెట్టు తమ్ముడూ. మంచం మీద, దుప్పటి మీద మాత్రం పెట్టకు. మన బెజవాడ ఎండల్లో అసలే గదులు కుంపట్లలా ఉంటాయి. కింద గాలి ఆడేలా చెక్క మీద పెట్టు.

మిర్చియార్డ్_గుమాస్తా
గుమ్మాల దగ్గర వైరు తలుపు కింద నలగకుండా చూసుకోండి. మా ఆఫీసులో అలా నలిగి లోపలి తీగ తెగింది, నాలుగు రోజులు వెతికాం.

ఉబుంటు_కొరిటెపాడు
ఇంకొక్కటి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. పాత సిస్టమ్‌కి 11 ఎక్కదు. పరీక్ష అయ్యాక తీరిగ్గా లినక్స్ వేయండి, నేను ఫోన్లో దగ్గరుండి చేయిస్తా. ఇప్పుడు మాత్రం ఏదీ కదపొద్దు.

సత్యనారాయణపురం_సందు
పరీక్ష అయ్యాక తప్పకుండా అన్నా. రిజిస్ట్రీ పని అయింది, రెండుసార్లు రీస్టార్ట్ చేశా, నెట్ అలాగే ఉంది. సాయంత్రం బ్యాటరీ మార్చా, ప్లగ్ పీకి పెట్టినా తేదీ నిలబడింది. అమ్మ పాత ఫోన్ కిటికీ ఊచకి సంచిలో వేలాడదీసి టెథరింగ్ పెట్టి చూశాం. ఫోన్ కిటికీలో ఉంటే మూడు గీతలు వస్తున్నాయి. మంగళవారం చెల్లెలు దాని మీదే టెస్ట్ రాస్తుంది, ఎలా జరిగిందో రాత్రికి రాస్తా.

సత్యనారాయణపురం_సందు
మూడు గంటలూ ఒక్కసారి కూడా పోలేదు. ఫోన్లో రాసినప్పుడు టైము చాలక ఎప్పుడూ ఇరవై ప్రశ్నలు వదిలేసేది, ఈరోజు 160 చూసింది.

మొగల్రాజపురం_కొండ
ఫోన్ వేడెక్కిందా?

సత్యనారాయణపురం_సందు
కొంచెం. గురువారం సంచి తీసేసి ఉత్తినే కడతా.